ట్యాంకు పెద్దదే, పైపు సంగతేంటి?

కంప్యూటర్లో బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు కొనడంలో నేను రెండుసార్లు బోల్తా పడ్డాను. మొదటిసారి జీబీలు, అంటే కార్డులో మెమరీ ఎంతో, చూసి. రెండోసారి జీబీలు చూడకుండా.

మొన్న విజయవాడలో ఇంజనీరింగ్ చదువుతున్న మా అక్క కొడుకు ఫోన్ చేసి, "మావయ్యా, ఎనిమిది జీబీ కార్డు చాలా, పదహారు తీసుకోవాలా?" అని అడిగితే వెంటనే జవాబు చెప్పలేకపోయాను. చాలు అన్నా తప్పు కావచ్చు, పదహారే తీసుకో అన్నా తప్పు కావచ్చు. "రాత్రికి చెప్తాలే" అని పెట్టేశాను. రాత్రికి చెప్పాల్సిన మాట ఇదిగో, ఇంత పొడుగయింది.

2014 చివర్లో, ఉద్యోగంలో చేరి మూడు జీతాలు అందుకున్నాక, నాలుగోదాంట్లో కొంత మిగిల్చి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌కి వెళ్లాను. కంప్యూటర్ సామాను కొనే హైదరాబాద్ వాళ్లకి అక్కడి చెనాయ్ ట్రేడ్ సెంటర్ గురించి, అదే సీటీసీ గురించి, కొత్తగా చెప్పక్కర్లేదు. మూడు షాపులు తిరిగాను. నాలుగో షాపాయన రెండు డబ్బాలు బల్ల మీద పెట్టి, "ఇది రెండు జీబీ సార్, ఇది నాలుగు జీబీ. రేటులో పెద్ద తేడా లేదు" అన్నాడు. తేడా లేనప్పుడు రెండు జీబీది ఎవరు మాత్రం తీసుకుంటారు? నాలుగు జీబీ డబ్బా ఒళ్లో పెట్టుకుని బస్సులో కూర్చుంటే లోకమంతా నావైపే చూస్తున్నట్టు అనిపించింది.

రూములో నా పక్క మంచం వాడి దగ్గర అంతకు మూడేళ్ల ముందు కొన్న ఒక జీబీ కార్డు ఉండేది. ఇద్దరం ఒకే ఆటను ఒకే సెట్టింగుల్లో పెట్టి చూశాం. వాడి కంప్యూటర్లో కారు రోడ్డు మీద పోతోంది. నా కంప్యూటర్లో కారు ఫొటోలు ఒకదాని తర్వాత ఒకటి వస్తున్నాయి. వాడే జాలిపడి "డ్రైవర్లు సరిగ్గా ఎక్కలేదేమోరా" అన్నాడు. ఆ ఆదివారమంతా డ్రైవర్లు, అంటే కార్డుని నడిపే ప్రోగ్రాములు, తీసేయడం, మళ్లీ ఎక్కించడం. డ్రైవర్లలో ఏ లోపమూ లేదు. అసలు సంగతి డబ్బా మీదే అచ్చయి ఉంది. 4 అనే అంకె అరచెయ్యంత ఉంటే, కింద మూలన చీమ తలకాయంత అక్షరాల్లో డీడీఆర్3 అని ఉంది. అది మెమరీ రకం పేరు, నిదానం రకం. వాడిది జీడీడీఆర్5, వేగం రకం. షాపాయన అబద్ధమేమీ చెప్పలేదు. నాలుగు జీబీ అన్నాడు, నాలుగు జీబీయే ఇచ్చాడు. నేను అడగాల్సిన రెండో ప్రశ్న అడగలేదు, అంతే.

ఆ రోజుల్లో ఇలాంటి కార్డులు కుప్పలుగా ఉండేవి. 2014 జూన్‌లో వచ్చిన జీఫోర్స్ జీటీ 730నే తీసుకోండి. ఒకే పేరుతో మూడు రకాలు. వాటిలో రెండింటికి ఒకటే చిప్పు, అవే 384 కోర్లు (లెక్కలు చేసే చిన్న యూనిట్లు), అదే 64-బిట్ బస్ (మెమరీకి పోయే దారి). ఒకదానికి డీడీఆర్3 మెమరీ, సెకనుకు 14.4 జీబీ వేగం. ఇంకోదానికి జీడీడీఆర్5, సెకనుకు 40 జీబీ. దాదాపు మూడింతల తేడా. తమాషా ఏంటంటే, నిదానం డీడీఆర్3 చవక కాబట్టి దాన్నే 2 జీబీ, 4 జీబీ పోసి అమ్మేవాళ్లు. వేగంగా ఉండేదానికి 1 జీబీయో 2 జీబీయో. అంటే అంకె చూసి కొనేవాడు ఏరికోరి నిదానం కార్డునే ఎత్తుకుపోయేవాడు.

ఇక్కడ మా మేడ మీద సింటెక్స్ ట్యాంకు గురించి చెప్పాలి. వెయ్యి లీటర్లది. కిందికి దిగే పైపు మాత్రం అరంగుళం. పొద్దున్నే ఒకరు స్నానానికి వెళ్లి, ఇంకొకరు వంటింట్లో కుళాయి తిప్పి, వాషింగ్ మెషీన్ కూడా మొదలైందంటే, మూడు చోట్లా దారంలా కారుతుంది. ట్యాంకు నిండుగానే ఉంటుంది. రెండు వేల లీటర్ల ట్యాంకు పెట్టించినా ఆ దారం లావెక్కదు. కార్డు మీద జీబీలంటే ట్యాంకు. మెమరీ బస్ వెడల్పు, అంటే 64-బిట్, 128-బిట్, 256-బిట్ అని చెప్పేది, పైపు లావు. ఒక్కో పిన్ను మీద సెకనుకు ఎన్ని గిగాబిట్లు పోతాయన్నది నీళ్ల ఫోర్సు. లావునీ ఫోర్సునీ గుణించి ఎనిమిదితో భాగిస్తే సెకనుకు ఎన్ని జీబీలో వచ్చేస్తుంది. 128-బిట్ బస్ మీద 18 గిగాబిట్ల జీడీడీఆర్6 ఉందనుకోండి, 288 జీబీ. ఇంతకు మించిన రహస్యం ఇందులో లేదు. కుళాయిలు అంటే కోర్లు. కుళాయిలు నాలుగే ఉన్నప్పుడు ఎంత లావు పైపు వేసినా లాభం లేదన్నది కూడా నిజమే, కానీ కొనేవాళ్లకు కోర్ల గురించి చెప్పడానికి బోలెడు మంది ఉన్నారు.

జీటీ 1030 కథ ఇంకా శుభ్రమైన ఉదాహరణ. 2017 మేలో వచ్చినప్పుడు దానికి 2 జీబీ జీడీడీఆర్5, సెకనుకు 48 జీబీ. మరుసటి ఏడాది అదే పేరుతో, అవే 384 కోర్లతో, అవే 2 జీబీలతో ఇంకోటి దిగింది. ఈసారి మెమరీ డీడీఆర్4. వేగం సెకనుకు 16.8 జీబీ. కోర్ల క్లాకు, అంటే అవి పనిచేసే వేగం, కూడా కాస్త తగ్గించారు గానీ అది లెక్కలోకి వచ్చేంత కాదు. రెండూ పక్కపక్కన పెట్టి పరీక్షించిన వాళ్లకి చాలా ఆటల్లో కొత్తది పాతదానిలో సెకనుకు సగం ఫ్రేములే (బొమ్మలే) ఇచ్చింది, కొన్నింటిలో సగం కూడా ఇవ్వలేదు. ట్యాంకు అదే, కుళాయిలు అవే, పైపు ఒక్కటే సన్నబడింది. ఆట ఆటకీ దెబ్బ తగిలింది. ఈ ఒక్క కార్డు చూస్తే వేగం పని ఏమిటో తెలిసిపోతుంది.

ఎందుకంత దెబ్బ అంటే, నేను నాకోసం వేసుకున్న చిన్న లెక్క ఒకటుంది. ఆట సాఫీగా ఉండాలంటే సెకనుకు 60 ఫ్రేములు కావాలి అనుకుందాం. కార్డు వేగాన్ని 60తో భాగించండి. 48 జీబీ కార్డుకి ఒక్కో ఫ్రేముకి 800 ఎంబీ వస్తుంది. అంటే ఆ ఫ్రేము గీయడానికి మెమరీలోంచి చదివేది, మెమరీలోకి రాసేది అన్నీ కలిపి అంతలో ముగించుకోవాలి. 16.8 జీబీ కార్డుకి 280 ఎంబీ. నిదానం రకం జీటీ 730కి 240 ఎంబీ. ఒక ఫ్రేములో ఒకే పిక్సెల్‌ని ఎన్నిసార్లు ముట్టుకుంటారో తెలిస్తే ఇది ఎంత తక్కువో అర్థమవుతుంది. గోడ రంగు చదవాలి, గోడ గరుకుదనం చదవాలి, ముందేమున్నదో వెనకేమున్నదో లోతు చూడాలి, నీడ చూడాలి, రాసినదాన్ని మళ్లీ చదివి దాని మీద పొగమంచు వెయ్యాలి. ఇక 4 జీబీ డీడీఆర్3 కార్డు మొత్తం మెమరీని ఒక్కసారి ఈ చివర నుంచి ఆ చివరకు చదవడానికే పావు సెకను పైన పడుతుంది. పావు సెకనులో 15 ఫ్రేములు రావాలి. అంటే నేను ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్న నాలుగు జీబీల్లో ఒక ఫ్రేముకి పదహారో వంతు ముట్టుకోవడం కూడా కష్టమే. మిగతాది ట్యాంకులో చూసి మురవడానికి.

ఇదంతా తెలిశాక నాకు జ్ఞానోదయమైంది. అదే నా రెండో తప్పుకి కారణం.

కొత్తగా తెలిసినదాన్ని అందరికీ చెప్పకుండా ఉండలేని వయసు. ఎవరు కార్డు గురించి అడిగినా "జీబీలు చూడకండి, అదంతా మార్కెటింగ్" అని మొదలుపెట్టేవాణ్ని. ఆఫీసులో ఇద్దరు ముగ్గురు నా మాట విన్నారు కూడా, పాపం. 2017లో నాకే కొత్త కార్డు కావాల్సొచ్చినప్పుడు, ఒకే కార్డు చిన్న మెమరీతో ఒకటి, పెద్ద మెమరీతో ఒకటి దొరికాయి. రెండింటికీ వేగం ఒక్కటే. చిన్నదే తీసుకున్నాను, గర్వంగా. మిగిలిన డబ్బుతో ఎస్ఎస్‌డీ కొనుక్కున్నాను.

ఏడాదిన్నర పాటు నేనే కరెక్టు. తర్వాత వచ్చిన ఒక ఆటలో ఊరు మధ్యలో గుర్రం మీద పోతుంటే సందు తిరిగినప్పుడల్లా బొమ్మ ఒక్క క్షణం ఆగిపోయేది. ఫ్రేముల లెక్క చూస్తే సగటు 55, 58. అంకెల్లో ఏ తప్పూ లేదు, ఆడుతుంటే మాత్రం రాళ్లు కలిసిన అన్నం తింటున్నట్టు ఉంది. ఇంకో ఆట అసలు ఆగేది కాదు, కానీ గోడల మీద బొమ్మలు సున్నం పూసినట్టు పలుచగా ఉండేవి, దగ్గరకెళ్లి నిలబడినా తేటపడేవి కావు. ఆ ఆట చాలా తెలివైనది. కార్డులో చోటు చాలదని చూసి చెప్పాపెట్టకుండా టెక్స్చర్లను, అంటే గోడలకీ మనుషులకీ పైన అంటించే బొమ్మలను, చిన్నవి చేసేసేది. అక్కడ ఫ్రేముల సంఖ్య బ్రహ్మాండం. మోసమంతా కంటికి తప్ప గ్రాఫులకు దొరకదు.

ఆ తరహా జోడీకి అందరికీ తెలిసిన ఉదాహరణ 2016 నాటి జీటీఎక్స్ 1060. 6 జీబీది ఒకటి, 3 జీబీది ఒకటి. రెండింటి వేగం సెకనుకు 192 జీబీయే. 3 జీబీ దానికి కోర్లు కూడా పది శాతం కోశారు, 1,280కి బదులు 1,152. పేరు మాత్రం అదే ఉంచారు. ఆ పేరు విషయంలో తిట్టాల్సిన మాట సరే. ఇక్కడ నాకు కావాల్సింది ట్యాంకు ఖాళీ అయితే ఏమవుతుందన్నది. కార్డు మెమరీ నిండిపోతే మిగతా సరుకు కంప్యూటర్ ర్యామ్‌లో పెడతారు. అక్కడి నుంచి కార్డుకి దారి పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు. పీసీఐఈ 3.0లో పదహారు లేన్లూ, అంటే పక్కపక్క దారులూ, కలిపి సెకనుకు సుమారు 16 జీబీ. అంటే 192 జీబీల వేగానికి అలవాటుపడ్డ కార్డు, కొన్ని టెక్స్చర్ల కోసం దానిలో పన్నెండో వంతు దారిలో నిలబడి ఎదురుచూడాలి. మేడ మీద ట్యాంకు ఎండిపోయి వీధి చివర బోరింగు నుంచి బిందెలతో మోసుకొచ్చినట్టే. ఇంట్లో పైపు ఎంత లావుదైతే మాత్రం ఏం లాభం?

వేగమే సైజు లోటు తీరుస్తుందని నమ్మింది నేనొక్కణ్నే కాదు. 2015లో ఏఎమ్‌డీ అనే చిప్పుల కంపెనీ తెచ్చిన ఆర్9 ఫ్యూరీ ఎక్స్‌కి హెచ్‌బీఎమ్ అనే కొత్త రకం మెమరీ ఉండేది. బస్ వెడల్పు 4096 బిట్లు, సెకనుకు 512 జీబీ. దానికి పోటీ నిలిచిన జీటీఎక్స్ 980 టీఐకి 336 జీబీయే. కానీ ఫ్యూరీ ఎక్స్ దగ్గర ఉన్నది 4 జీబీ, అవతల 6. ఆటలు బరువెక్కేకొద్దీ ఆ నాలుగు జీబీలే దానికి గుదిబండ అయ్యాయి. అంత వేగంలో ఒక్క జీబీ కూడా పెంచే శక్తి లేదు.

సైజూ వేగమూ వేరువేరు అంకెలుగా అచ్చేయడంలో ఉన్న చిక్కు పూర్తిగా బయటపడింది జీటీఎక్స్ 970తో. 2014 సెప్టెంబర్‌లో వచ్చింది, 4 జీబీ, సెకనుకు 224 జీబీ అని రాశారు. 2015 జనవరిలో, కొన్నవాళ్లు తవ్వితే, ఆ నాలుగూ ఒకటి కాదని తేలింది. 3.5 జీబీ ఒక భాగం, దాని వేగం 196. మిగిలిన అర జీబీ ఇంకో భాగం, దాని వేగం 28. రెండూ కలిపితే 224, నిజమే, కానీ రెండింటినీ ఒకేసారి పూర్తిగా వాడుకోవడం కుదరదు. అమెరికాలో కేసు పడింది. కొన్నవాళ్లకి కార్డుకి 30 డాలర్ల చొప్పున ఇవ్వడానికి 2016లో దాన్ని తెచ్చిన కంపెనీ ఎన్విడియా ఒప్పుకుంది. మన దగ్గర కొన్నవాళ్లకి ఆ ముప్ఫై డాలర్లూ లేవు.

దీనికి పక్కన పెట్టి చూడాల్సింది 2020లో వచ్చిన ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్. అది టీవీకి తగిలించి ఆడుకునే ఆటల యంత్రం, కన్సోల్. అందులోనూ 16 జీబీ మెమరీ రెండు ముక్కలే. 10 జీబీ సెకనుకు 560 జీబీ వేగంతో, 6 జీబీ 336 వేగంతో. దానిమీద ఎవరూ కేసు వెయ్యలేదు. ఆట తయారుచేసేవాళ్లకి ముందే చెప్పారు కాబట్టి, తరచుగా కావాల్సింది వేగం భాగంలో, మిగతావి నిదానం భాగంలో పెట్టుకున్నారు. ముక్కలు చేయడం నేరం కాదు. చెప్పకపోవడమే గొడవ.

అసలు ఇన్ని జీబీలు దేనితో నిండుతున్నాయన్నది చాలామందికి తెలియదు. మానిటర్ పెద్దదైతే మెమరీ ఎక్కువ కావాలి అంటారు, అందులో నిజం కొంతే. 1920 గుణకారం 1080 తెరలో 20 లక్షల 73 వేల పిక్సెళ్లు. ఒక్కోదానికి నాలుగు బైట్లు వేసుకున్నా తెర మీది బొమ్మ 8.3 ఎంబీ. 4కే తెర అయితే 33 ఎంబీ. లోపల ఇలాంటి పొరలు చాలా ఉంటాయి, ఒప్పుకుంటాను. అయినా ఎనిమిది జీబీ నింపేది ఇవి కాదు, టెక్స్చర్లు. 4096 గుణకారం 4096 టెక్స్చర్ ఒక్కటి ఉన్నదున్నట్టు పెడితే 64 ఎంబీ. నొక్కి పెడితే 16 ఎంబీ. దూరం నుంచి చూసినప్పుడు వాడే చిన్న సైజు కాపీలకి ఇంకో మూడో వంతు. ఒక పాత్ర మొహానికి, బట్టలకి, చేతిలో కత్తికి ఇలాంటివి రెండు మూడేసి. వెలుగు కిరణాల దారిని లెక్కగట్టే రే ట్రేసింగ్ వేస్తే దాని లెక్కల సామాను అదనం. మధ్య ఫ్రేములు పుట్టించే ఫ్రేమ్ జనరేషన్ కూడా ఊరికే రాదు, దానికీ చోటు కావాలి. ఇవన్నీ పెట్టి ఆట తయారుచేసేవాడు ఎంత మెమరీ చూసుకుని పని మొదలుపెడతాడంటే, ఇళ్లలో ఉన్న కన్సోళ్లను చూసుకునే. సోనీ వాళ్ల కన్సోల్ పీఎస్4లో 8 జీబీ, అదీ మొత్తం యంత్రానికి. పీఎస్5లో 16. 2020 తర్వాత పాత కన్సోళ్లను వదిలేసి కొత్తవాటికే ఆటలు చేయడం మొదలుపెట్టాక ఇక్కడ 8 జీబీ కార్డులకి ఊపిరాడడం మానేసింది.

ఆ నేపథ్యంలో 2023లో ఆర్‌టీఎక్స్ 4060 టీఐ వచ్చింది. జీటీ 1030 జోడీకి సరిగ్గా తలకిందులు. మేలో 8 జీబీది 399 డాలర్లకి, జూలైలో 16 జీబీది 499 డాలర్లకి. రెండింటికీ చిప్పు ఒకటే, వేగం ఒకటే, సెకనుకు 288 జీబీ. ఈసారి పైపు మారలేదు, ట్యాంకు ఒక్కటే రెట్టింపైంది. ఫలితం? చాలా ఆటల్లో రెండింటికీ ఒకటి రెండు ఫ్రేముల తేడా కూడా లేదు. వంద డాలర్లు గాలికి పోయినట్టే. కొన్ని ఆటల్లో, పెద్ద టెక్స్చర్లూ రే ట్రేసింగూ పెడితే, 8 జీబీది ఆగి ఆగి నడుస్తుంటే 16 జీబీది ఏమీ ఎరగనట్టు పోతుంది. జీబీ ఎంత అన్న ప్రశ్నకి అందుకే రెండే జవాబులు, చాలింది, చాల్లేదు. చాలినదానికి ఇంకెంత కలిపినా ఒక్క ఫ్రేము పెరగదు. వేగం అలా కాదు, అది ప్రతి ఫ్రేములోనూ తన వాటా తీసుకుంటుంది. యూట్యూబ్‌లో "8 జీబీ చచ్చిపోయింది" అనేవాళ్లూ, "మా ఇంట్లో 8 జీబీ హాయిగా నడుస్తోంది" అనేవాళ్లూ ఒకరినొకరు అబద్ధాలకోర్లంటారు గానీ, ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఆటలు వేరు, సెట్టింగులు వేరు.

ఆ కార్డుతో నాకున్న అసలు పేచీ వేగం దగ్గర. అంతకుముందు తరం 3060 టీఐ వేగం 448 జీబీ. కొత్తది 288. బస్ 256 బిట్ల నుంచి 128కి దిగింది. కంపెనీ చెప్పిన సమాధానం, చిప్పు లోపల క్యాష్ మెమరీని 4 ఎంబీ నుంచి 32 ఎంబీకి పెంచాం, మాటిమాటికీ బయటికి పోవాల్సిన పని లేదు అని. ఇందులో నిజముంది. ట్యాంకు పోలిక తేలిపోయేది కూడా ఇక్కడే. ట్యాంకులో నీళ్లు వాడితే అయిపోతాయి, మెమరీలోది చదివితే అయిపోదు, అదే సరుకు మళ్లీ మళ్లీ కావాలి. కాబట్టి వంటింట్లో పొయ్యి పక్కన ఒక బిందె నింపి పెట్టుకుంటే కుళాయి దాకా పోకుండానే చాలా పని జరుగుతుంది. ఏఎమ్‌డీ ఇదే పని 2020లోనే ఆర్‌ఎక్స్ 6800 ఎక్స్‌టీలో 128 ఎంబీ బిందెతో చేసి చూపించింది. కానీ బిందె బిందే. 1080 తెర మీద సరిపోయినది 4కే దగ్గర చాలదు, మళ్లీ పైపు దగ్గరికే పరుగు. 2025లో వచ్చిన 5060 టీఐకి అదే 128-బిట్ బస్ మీద జీడీడీఆర్7 పెట్టి వేగాన్ని మళ్లీ 448కి తెచ్చారు. బిందె ఒక్కటే సరిపోయేదైతే అంత శ్రమ ఎందుకు పడ్డట్టు?

జీబీ అంకెలు ఎందుకు అంత వింతగా ఉంటాయో కూడా ఈ బస్ వల్లే తెలుస్తుంది. ఒక్కో మెమరీ చిప్పుకి 32 బిట్ల దారి. జీడీడీఆర్6 రోజుల్లో ఒక్కో చిప్పు 1 జీబీ లేదా 2 జీబీ. 192-బిట్ అంటే ఆరు చిప్పులు, అంటే 6 జీబీ లేదా 12 జీబీ, మధ్యలో ఏమీ కుదరదు. 2021లో ఆర్‌టీఎక్స్ 3060కి 6 మరీ తక్కువని 12 పెట్టారు. దానికంటే ఎంతో ఖరీదైన 3080కి 320-బిట్ బస్, పది చిప్పులు, 10 జీబీ. చిన్న కార్డుకి పెద్ద ట్యాంకు. అది చూసి 3060 గొప్పదనుకున్న వాళ్లు నాకు తెలుసు. దాని వేగం 360, 3080ది 760. ఇక 4060 టీఐకి పదహారు ఎలా వచ్చాయంటే, బోర్డుకి వెనకవైపు ఇంకో నాలుగు చిప్పులు అంటించి, రెండేసి చిప్పులకి ఒకే దారి ఇచ్చారు. పైపు అంగుళం కూడా పెరగలేదని చెప్పింది అందుకే.

మన ఊళ్లలో కొత్త కార్డుని ఆరేడేళ్ల పాత మదర్‌బోర్డులో పెట్టుకునేవాళ్లే ఎక్కువ. వాళ్లకి ఇంకో గొయ్యి ఉంది. 2022 జనవరిలో వచ్చిన ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీకి 4 జీబీ మెమరీ, స్లాటులో నాలుగే లేన్లు. పీసీఐఈ 4.0 బోర్డులో ఏదోలా నెట్టుకొస్తుంది. పాత 3.0 బోర్డులో పెడితే ఆ వీధి బోరింగు దారి సెకనుకు 4 జీబీకి పడిపోతుంది. ట్యాంకు చిన్నది, బోరింగు దూరం. చవక కదా అని పాత కంప్యూటర్ కోసం కొన్నవాడికే దెబ్బ ఎక్కువ.

కార్డే లేని ల్యాప్‌టాప్‌ల సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే నాకు వచ్చే ఫోన్లలో సగం వాటి గురించే. అక్కడ గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, కంప్యూటర్ ర్యామ్‌నే పంచుకుంటుంది. కొనేటప్పుడు చాలావాటిలో 8 జీబీ స్టిక్కు ఒక్కటే వేసి ఇస్తారు. డీడీఆర్4-3200 స్టిక్కు ఒక్కటైతే సెకనుకు 25.6 జీబీ, అలాంటివే రెండైతే రెండు దారులూ తెరుచుకుని 51.2. మా ఆఫీసులో ఒకావిడ కొడుకు ల్యాప్‌టాప్‌లో ఆట నత్తలా నడుస్తోందని బయోస్‌లోకి పోయి గ్రాఫిక్స్‌కి కేటాయించే మెమరీని అర జీబీ నుంచి 2 జీబీకి పెంచాడు. ఏమీ మారలేదు. నేను చెప్పి రెండో స్లాటులో ఇంకో స్టిక్కు పెట్టించాను. ఆ సాయంత్రమే ఫోన్ చేసి "అంకుల్, ఇది వేరే ల్యాప్‌టాప్‌లా ఉంది" అన్నాడు. నా జీవితంలో కార్డుల విషయంలో నేనిచ్చిన ఒకే ఒక్క పక్కా సలహా అది.

ఇప్పుడు పిల్లలు ఆటలతో పాటు ఇంట్లో ఏఐ మోడళ్లు నడపాలంటున్నారు. సైజూ వేగమూ ఎవరి పని ఎవరిదో ఇంత తేటగా కనిపించే చోటు ఇంకోటి లేదు. 700 కోట్ల పారామీటర్ల (అది నేర్చుకుని దాచుకున్న అంకెల) మోడల్ని ఒక్కో అంకెకి నాలుగు బిట్లకి కుదిస్తే దాదాపు 4 జీబీ. అది కార్డులో పడితేనే పని సరిగ్గా మొదలవుతుంది. మొదలయ్యాక, ఒక్కో టోకెన్ (మాట ముక్క) పుట్టించడానికి ఆ 4 జీబీ మొత్తాన్ని ఒకసారి చదవాలి. సెకనుకు 360 జీబీ కార్డయితే గరిష్ఠంగా 90 టోకెన్లు. రెండు స్టిక్కుల ల్యాప్‌టాప్‌లో 12, 13. ఎన్విడియా తన హెచ్100 కార్డు తర్వాత 2023లో ప్రకటించిన హెచ్200లో లెక్కలు చేసే సత్తువ ఏమీ పెంచలేదు. మెమరీ 80 జీబీ నుంచి 141కి, వేగం సెకనుకు 3.35 టీబీ నుంచి 4.8కి పెంచి, కొత్త పేరు పెట్టి అమ్మింది. వాళ్లు తమ పెద్ద ఖాతాదారులకి రెండు అంకెలూ పక్కపక్కన చూపిస్తారు. డబ్బా కొనే మనకే ఒకటి చూపిస్తారు. పాల ప్యాకెట్ మీద వెన్న శాతం రాసినట్టు, కార్డు డబ్బా ముందు వైపు సెకనుకు ఎన్ని జీబీలో అదే సైజు అక్షరాల్లో రాయాలన్నది నా కోరిక. ఇంకేమీ అక్కర్లేదు.

రాత్రి మా అక్క కొడుకుకి ఫోన్ చేశాను. ఏం ఆడతావురా అంటే వాలరెంట్ అన్నాడు. దానికి 8 జీబీ కూడా ఎక్కువే. ఇంకేం చేస్తావు అంటే కాసేపు నసిగి, త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్ నేర్చుకుంటున్నానని, ప్రాజెక్టుకి ఒక గుడి మొత్తం మోడల్ చేస్తున్నానని చెప్పాడు. అలాంటి సీను కార్డులో పట్టకపోతే రెండర్, అంటే చివరి బొమ్మ గీయడం, నత్తనడకన పడుతుంది, లేదా మధ్యలోనే ఆగిపోతుంది. అయితే పదహారే తీసుకో, కానీ 128-బిట్ అయితే అందులో జీడీడీఆర్7 ఉన్నదే చూడు అన్నాను. మర్నాడు షాపు నుంచి మెసేజ్ పెట్టాడు. "మావయ్యా, బస్ ఎంత అని అడిగితే, షాపాయన బస్ స్టాపు ఎదురుగానే ఉంది అంటున్నాడు."

నా మొదటి నాలుగు జీబీ కార్డు ఇంకా బతికే ఉంది. ఊళ్లో అమ్మ కంప్యూటర్లో పెట్టాను. రోజూ సాయంత్రం ప్రవచనాలు చూస్తుంది. 1080 తెరకి బొమ్మ పంపడానికి సెకనుకు అర జీబీ చాలు, దాని దగ్గర అంతకు ఇరవై ముప్ఫై రెట్లు ఉంది. పోయిన సంక్రాంతికి వెళ్లినప్పుడు ఎలా నడుస్తోందమ్మా అని అడిగాను. "బొమ్మ బాగానే ఉంది గానీ, సౌండే చాలట్లేదు" అంది.